ఆకార స్మృతి మిశ్రమ లోహాలు

ఆకార స్మృతి మిశ్రమ లోహాలు అనగా వంచినా, సాగదీసినా, మెలిపెట్టినా, తగినంత వేడి చేసిన వెంటనే తమ పూర్వపు ఆకారాన్ని తిరిగి పొందగల మిశ్రమ లోహాలు. వీటిలో ముఖ్యమైనది నిటినాల్. నికెల్, టైటానియం పరమాణువులు దాదాపు సమాన సంఖ్యలో ఉండేటట్లు ఆ రెండు లోహాలను కలిపి దీనిని తయారు చేస్తారు. బంగారం-కాడ్మియం, రాగి-జింకు-అల్యూమినియం, రాగి-అల్యూమినియం-నికెల్, ఇనుము-మాంగనీసు-సిలికాన్ మిశ్రమాలు కూడా ఈ కోవకు చెందినవే.

ఈ లోహాలకు మరొక విశేష గుణం కలదు. కొంత ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద ఇవి వేడి చేయనవసరం లేకుండానే, బలాన్ని తొలగించిన మరుక్షణం రబ్బరు వలె యథాస్థితికి వస్తాయి. దీనిని అతిస్థితిస్థాపకత అంటారు. ఆకార స్మృతి, అతిస్థితిస్థాపకత పైకి రెండు వేర్వేరు గుణాలుగా కనిపించినప్పటికీ రెండింటికీ మూలం ఒక్కటే. లోహం కరగకుండా, ఘనస్థితిలోనే, ఒక స్ఫటిక నిర్మాణం నుండి మరొక స్ఫటిక నిర్మాణానికి మారి మళ్ళీ వెనుకకు రాగలగడమే ఆ మూలం. ఒకే తీగ ఒక ఉష్ణోగ్రత వద్ద మొదటి గుణాన్ని, మరొక ఉష్ణోగ్రత వద్ద రెండవ గుణాన్ని చూపుతుంది.

స్మృతి అనే మాట ఇక్కడ ఉపమానం మాత్రమే. లోహంలో ఎక్కడా ఏ సమాచారమూ విడిగా నమోదై ఉండదు. పరమాణువులకు వెనుకకు వచ్చే దారి ఒక్కటే ఉండడం వలన అవి ఆ దారిలోనే వస్తాయి.

చరిత్ర

1932లో స్వీడన్ దేశపు శాస్త్రవేత్త ఆర్నే ఓలాండర్ బంగారం-కాడ్మియం మిశ్రమాన్ని పరిశీలిస్తూ అది రబ్బరు వలె సాగి తిరిగి వస్తున్నదని గమనించాడు. 1938లో గ్రెనింజర్, మూరాడియన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇత్తడిలో ఉష్ణోగ్రత తగ్గినపుడు ఒక కొత్త ప్రావస్థ పుట్టడం, పెరిగినపుడు అది మాయమవడం చూశారు. 1949లో సోవియట్ శాస్త్రవేత్తలు కుర్ద్యుమోవ్, ఖాండ్రోస్ ఇటువంటి పరివర్తనకు ఉష్ణ-స్థితిస్థాపక పరివర్తన అని సిద్ధాంత రూపమిచ్చారు. 1951లో చాంగ్, రీడ్ బంగారం-కాడ్మియం మిశ్రమంలో ఆకార స్మృతిని స్పష్టంగా నమోదు చేశారు. బంగారం ఖరీదైనది, కాడ్మియం విషతుల్యమైనది. కనుక ఈ పరిశోధనలు చాలాకాలం ప్రయోగశాల దాటలేదు.

పరిస్థితిని మార్చినది నిటినాల్. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో వైట్ ఓక్ వద్ద నావల్ ఆర్డ్‌నెన్స్ లేబరేటరీ అనే నౌకాదళ పరిశోధనశాల ఉండేది. అక్కడ విలియం బ్యూలర్ అనే లోహశాస్త్రవేత్త 1950వ దశకం చివరలో క్షిపణుల ముందుభాగపు తొడుగు కోసం వేడిని, దెబ్బను తట్టుకునే మిశ్రమాలను వెదుకుతున్నాడు. నికెల్-టైటానియం కడ్డీలను కరిగించి పోతపోసి, చల్లారిన ఒక కడ్డీని గచ్చుపై పడవేసి చూడగా అది మట్టిబెడ్డ పడినట్లు మొద్దుగా చప్పుడు చేసింది. లోపల పగుళ్ళున్నాయేమో అనుకుని మిగిలిన కడ్డీలను కూడా పడవేయగా, ఇంకా వేడిగా ఉన్న కడ్డీ మాత్రం గంట వలె ఖంగుమన్నది. ఆ వేడి కడ్డీని దగ్గరలో ఉన్న తాగునీటి కుళాయి కింద చల్లబరచి మళ్ళీ పడవేస్తే అదీ మొద్దుగానే పలికింది. తిరిగి వేడిచేస్తే మరల గంట మోగింది. గది ఉష్ణోగ్రతకు అటూఇటూగా లోహం అంతర్నిర్మాణమే మారుతున్నదని బ్యూలర్‌కు ఆ ధ్వని భేదమే తెలిపింది.

అసలు స్మృతి గుణం 1961లో ఒక సమావేశంలో అనుకోకుండా బయటపడింది. ఎన్నిసార్లు వంచినా విరగదని చూపడానికి తెచ్చిన పలుచని నిటినాల్ రేకును మడతలు మడతలుగా వంచి చేతులు మార్చుకుంటూ చూస్తుండగా, డేవిడ్ మజ్జీ అనే అధికారి తన పైపు వెలిగించుకునే లైటరుతో దానిని వేడిచేశాడు. మడతలన్నీ విప్పుకుని రేకు సాపుగా సాగింది. 1962లో ఆ బృందంలో చేరిన ఫ్రెడరిక్ వాంగ్ స్ఫటిక నిర్మాణం దృష్ట్యా దీనికి వివరణ వెదికాడు. నికెల్, టైటానియం పేర్ల మొదటి అక్షరాలకు ఆ పరిశోధనశాల పేరులోని మొదటి అక్షరాలను చేర్చగా నిటినాల్ అన్న పేరు ఏర్పడింది.

మామూలు లోహాల స్థితిస్థాపకత

ఈ లోహాల ప్రత్యేకత తెలియాలంటే ముందు మామూలు లోహపు తీగ ప్రవర్తన గుర్తుకు తెచ్చుకోవాలి. తీగకు బరువు కడితే అది సాగుతుంది. ప్రమాణ వైశాల్యంపై పనిచేసే బలం ప్రతిబలం. పొడవులోని మార్పునకు, అసలు పొడవుకు గల నిష్పత్తి వికృతి. కొంత అవధి వరకు ప్రతిబలం, వికృతి అనులోమానుపాతంలో ఉంటాయి. ఇదే హుక్ నియమం. ఈ అవధిలో పరమాణువుల మధ్య బంధాలు స్ప్రింగుల వలె కొద్దిగా సాగుతాయే తప్ప పరమాణువులు ఇరుగుపొరుగును వదలవు. అవధి దాటితే ఒక పొర మరొక పొరపై జారిపోతుంది, పొరుగు మారుతుంది, తీగ శాశ్వతంగా సాగిపోతుంది.

మెత్తని ఉక్కుకు ఈ అవధి చాలా చిన్నది. ఒక మీటరు పొడవు తీగను 2 మిల్లీమీటర్లు సాగదీసేలోపే అవధి దాటిపోతుంది. అదే కొలతలు గల నిటినాల్ తీగను 6 నుండి 8 సెంటీమీటర్ల వరకు సాగదీసినా అది తిరిగి వస్తుంది. కేవలం బంధాలు సాగడం వలన ఇంత వికృతి సాధ్యం కాదు. ఇక్కడ మరొక ప్రక్రియ జరుగుతున్నదన్నమాట.

రెండు ప్రావస్థలు

నిటినాల్‌కు ఘనస్థితిలో ముఖ్యంగా రెండు ప్రావస్థలు ఉన్నవి. ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద ఉండేది ఆస్టెనైట్. ఇందులో పరమాణువులు ఘనాకారంలో అమరి ఉంటాయి. ఒక జాతి పరమాణువులు ఘనపు ఎనిమిది మూలలలోను, రెండవ జాతి పరమాణువు దాని నడుమన ఉంటుంది. తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఉండేది మార్టెన్‌సైట్. ఇందులో ఆ ఘనం ఒక పక్కకు ఒరిగి, లంబకోణాలలో ఒకటి సుమారు 98 డిగ్రీలుగా మారుతుంది. మొదటి పేరు బ్రిటిష్ లోహశాస్త్రవేత్త విలియం రాబర్ట్స్-ఆస్టెన్ నుండి, రెండవది జర్మన్ లోహశాస్త్రవేత్త అడాల్ఫ్ మార్టెన్స్ నుండి వచ్చినవి. ఇద్దరూ పరిశీలించినది ఉక్కును. నిటినాల్ వారి కాలంలో లేదు.

ఉక్కులోని మార్టెన్‌సైట్ మన కమ్మరులకు పేరు తెలియకపోయినా పని తెలిసినదే. ఎర్రగా కాల్చిన కొడవలిని నీటిలో ముంచినపుడు అంచుకు గట్టిదనాన్నిచ్చేది అదే. అయితే ఉక్కులోని మార్టెన్‌సైట్ గట్టిది, పెళుసైనది, మరల వేడిచేస్తే వచ్చిన దారిన వెనుకకు పోదు. నిటినాల్‌లోని మార్టెన్‌సైట్ మెత్తనిది, వచ్చిన దారిలోనే తిరిగి పోగలిగినది. పేరు ఒకటే అయినందున ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు.

ఈ పరివర్తనలో పరమాణువులు దూరప్రయాణం చేయవు. పేకముక్కల కట్టను బల్లపై నిలువుగా పేర్చి, పై నుండి మెల్లగా ఒక పక్కకు నెట్టితే ప్రతి ముక్కా తన కింది ముక్కపై కొద్దిగా జరిగి కట్ట అంతా ఒరుగుతుంది. ఏ ముక్కా తన పొరుగును కోల్పోదు. నిటినాల్‌లో జరిగేదీ ఇటువంటిదే. ప్రతి పరమాణువు రెండు పరమాణువుల మధ్య దూరం కన్నా తక్కువే కదులుతుంది, కానీ కోట్లాది పరమాణువులు కవాతు చేసే సైనికుల వలె కలసికట్టుగా కదులుతాయి. లోహశాస్త్రవేత్తలు కూడా దీనిని సైనిక పరివర్తన అని పిలవడం కద్దు. నీటిలో చక్కెర వ్యాపించినట్లు పరమాణువులు అటూఇటూ తిరగవు గనుక, వెనుకకు మళ్ళడం కూడా అంత సులభంగానే జరుగుతుంది.

తీగను చల్లబరచినపుడు ఒరగడం జరిగినా తీగ మొత్తం ఆకారం మారకపోవడం గమనార్హం. కారణం, ఘనం ఏ దిక్కునకైనా ఒరగవచ్చును. నిటినాల్‌లో ఇటువంటి అమరికలు 12 వరకు సాధ్యం. చల్లబడే స్ఫటికంలో ఒక పొర కుడికి ఒరిగితే పక్క పొర ఎడమకు ఒరిగి, ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేస్తుంది. ఇటువంటి పొరల జతలను జంట స్ఫటికాలు అంటారు. సూక్ష్మదర్శినిలో చూసినపుడు ఇవి చాప అల్లికలోని గీతల వలె వరుసగా కనిపిస్తాయి. జంటల మధ్య ఉండే సరిహద్దులు సులభంగా కదులుతాయి. కడ్డీని కొట్టినపుడు కంపన శక్తి ఈ సరిహద్దుల కదలికలో ఖర్చయిపోతుంది. బ్యూలర్ విన్న మొద్దు చప్పుడుకు కారణం ఇదే.

పరివర్తన ఉష్ణోగ్రతలు

నీరు సాధారణ పీడనం వద్ద ఒకే ఉష్ణోగ్రత దగ్గర గడ్డకట్టి, అదే ఉష్ణోగ్రత దగ్గర కరుగుతుంది. ఆకార స్మృతి లోహాల విషయంలో అలా కాదు. చల్లబరచునపుడు మార్టెన్‌సైట్ మొదలయ్యే ఉష్ణోగ్రత, పూర్తయ్యే ఉష్ణోగ్రత, వేడిచేయునపుడు ఆస్టెనైట్ మొదలయ్యే ఉష్ణోగ్రత, పూర్తయ్యే ఉష్ణోగ్రత అని నాలుగు ఉన్నవి. పోయే దారికి, వచ్చే దారికి నడుమ నిటినాల్‌లో సాధారణంగా 20 నుండి 40 డిగ్రీల తేడా ఉంటుంది. ఈ వెనుకబాటును శైథిల్యం అంటారు. రెండు ప్రావస్థల నడుమ సరిహద్దు కదలడానికి ఎదురయ్యే ఘర్షణ వలన శక్తి నష్టం జరగడం దీనికి కారణం. కొన్ని నిటినాల్ మిశ్రమాలలో ఈ రెండింటి నడుమ ఆర్-ప్రావస్థ అనే మూడవది కూడా కనిపిస్తుంది. దాని వికృతి స్వల్పమే అయినా శైథిల్యం కొద్ది డిగ్రీలకు మించదు గనుక కొన్ని ఉష్ణ నియంత్రక పరికరాలలో దానినే వాడుకుంటారు.

ఈ ఉష్ణోగ్రతలు లోహాల పాళ్ళపై ఎంతగానో ఆధారపడి ఉంటాయి. పరమాణువుల లెక్కలో నికెల్ 50 శాతం దాటిన తరువాత, అది మరొక 0.1 శాతం పెరిగితే చాలు, పరివర్తన ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకంటె ఎక్కువ పడిపోతుంది. మరుగుతున్న నీటిలో పనిచేసే తీగ, మానవ శరీరంలో పనిచేసే తీగ, ద్రవ నైట్రోజన్‌లో మాత్రమే మెత్తబడే గొట్టం - వీటి మధ్య తేడా నూటికి ఒక పాలు మాత్రమే. తయారీలో కష్టమంతా ఇక్కడే ఉన్నది.

ఆకార స్మృతి జరిగే విధం

ముందుగా తీగను కావలసిన ఆకారంలో బిగించి సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని నిమిషాలు ఉంచుతారు. తీగ జ్ఞాపకం పెట్టుకోవలసిన ఆకారం ఇదే. తరువాత చల్లబరిస్తే అది జంట స్ఫటికాలతో నిండిన మార్టెన్‌సైట్‌గా మారుతుంది, ఆకారం మారదు. ఇప్పుడు చేతితో వంచితే తీగ సీసపు తీగ వలె సులభంగా వంగి అలాగే ఉండిపోతుంది. ఇక్కడ జరిగినది మామూలు లోహంలో వలె పొరలు జారిపోవడం కాదు. బలానికి అనుకూలమైన దిక్కున ఒరిగిన స్ఫటికాలు పెరిగి, ప్రతికూలమైనవి తరిగిపోయినవి, అంతే. పరమాణువుల ఇరుగుపొరుగు చెదరలేదు.

ఇక వేడిచేస్తే పరమాణువుల కంపనాలు పెరిగి ఘనాకారమే స్థిరమైన అమరిక అవుతుంది. మార్టెన్‌సైట్‌కు పోయే దారులు 12 ఉన్నా, తిరిగి వచ్చే ఘనం మాత్రం ఒక్కటే. ఏ దిక్కునకు ఒరిగిన స్ఫటికమైనా ఆ ఒక్క అమరికకే చేరవలసి ఉంటుంది. దానితో తీగ తన పూర్వాకారాన్ని పొందుతుంది. ఆ సమయంలో దానిని అడ్డుకుంటే కొన్ని వందల మెగాపాస్కల్‌ల ప్రతిబలంతో నెట్టుతుంది. సన్నని తీగ పెద్ద బరువులను ఎత్తగలగడానికి ఇదే కారణం.

ఇది ఒకవైపు స్మృతి మాత్రమే. మరల చల్లబరిస్తే తీగ తనంతట తాను వంగదు. మళ్ళీ ఎవరో వంచాలి. వంచడం, వేడిచేయడం అనేకసార్లు పునరావృతం చేసి తీగకు శిక్షణ ఇస్తే లోపల ఏర్పడిన లోపాలు, ప్రతిబలాలు కొన్ని స్ఫటికాల వైపు మొగ్గు చూపి, చల్లబడినపుడు కూడా ఒక నిర్దిష్ట ఆకారాన్ని తెస్తాయి. దీనిని రెండువైపుల స్మృతి అంటారు. ఇది మొదటిదానంత బలమైనది కాదు.

వంచడం 8 శాతం దాటితే మాత్రం మామూలు లోహంలో వలెనే పొరలు జారిపోతాయి. ఆ మేరకు స్మృతి చెరిగిపోతుంది.

అతిస్థితిస్థాపకత

ప్రెషర్ కుక్కర్‌లో పీడనం పెరిగినందున నీరు 100 డిగ్రీలు దాటితే గాని మరగదు. పీడనం మార్చితే పరివర్తన ఉష్ణోగ్రత మారుతుందన్నది క్లాసియస్-క్లాపెరాన్ సమీకరణం చెప్పే విషయం. ఆకార స్మృతి లోహాలకు కూడా ఇదే వర్తిస్తుంది. పీడనానికి బదులు ఇక్కడ సాగదీసే ప్రతిబలం ఉంటుంది. ప్రతిబలం పెరిగినకొద్దీ మార్టెన్‌సైట్ మొదలయ్యే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. నిటినాల్‌లో ఒక డిగ్రీ జరగడానికి సుమారు 6 నుండి 7 మెగాపాస్కల్‌లు కావాలి.

గది ఉష్ణోగ్రత వద్ద ఆస్టెనైట్‌గా ఉన్న తీగను తీసుకుందాం. సాగదీయడం మొదలుపెట్టినపుడు అది హుక్ నియమాన్ని పాటిస్తుంది. వికృతి 1 శాతం దాటే సరికి ప్రతిబలం ఆ ఉష్ణోగ్రత వద్దనే మార్టెన్‌సైట్‌ను పుట్టించడానికి సరిపోతుంది. అక్కడి నుండి తీగ సాగుతూనే ఉంటుంది గాని ప్రతిబలం దాదాపు పెరగదు. రేఖాపటంలో ఏటవాలుగా లేచిన గీత పీఠభూమి వలె చదునుగా సాగుతుంది. తీగ అంతా మార్టెన్‌సైట్‌గా మారిన తరువాతనే గీత మళ్ళీ పైకి లేస్తుంది. బలాన్ని తొలగిస్తే ఆ ఉష్ణోగ్రత వద్ద మార్టెన్‌సైట్‌కు నిలకడ లేదు కనుక అది ఆస్టెనైట్‌గా మారి తీగ పూర్వపు పొడవుకు వస్తుంది. అయితే తిరిగి వచ్చే గీత పోయిన గీత కంటె కిందుగా ఉంటుంది. ఈ రెండు గీతల నడుమ వైశాల్యం వేడిగా వ్యయమైన శక్తికి కొలత.

అందుచేత అతిస్థితిస్థాపకత పేరులో స్థితిస్థాపకత ఉన్నా, అందులో హుక్ నియమం వర్తించే భాగం కొంతే. మిగిలినది ప్రావస్థా పరివర్తన. తీగకు యంగ్ గుణకం ఎంత అని అడిగితే ఒకే సంఖ్య చెప్పడం కూడా కుదరదు. ఆస్టెనైట్‌కు సుమారు 70 నుండి 80 గిగాపాస్కల్‌లు, మార్టెన్‌సైట్‌కు సుమారు 30 నుండి 40 గిగాపాస్కల్‌లు అని విడివిడిగా చెప్పవలసి ఉంటుంది. ఉక్కుకు ఇది సుమారు 200 గిగాపాస్కల్‌లు.

నీరు గడ్డకట్టునపుడు గుప్తోష్ణం విడుదలైనట్లే, ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారునపుడు కూడా ఉష్ణం విడుదలవుతుంది. తీగను చటుక్కున సాగదీస్తే అది వెచ్చబడుతుంది, వదిలితే చల్లబడుతుంది. ఈ చల్లదనాన్ని ఆధారం చేసుకుని వాయువులు అవసరం లేని శీతలీకరణ యంత్రాలు నిర్మించడానికి పరిశోధనలు జరుగుతున్నవి.

అతిస్థితిస్థాపకతకు ఉష్ణోగ్రతా పరిధి ఇరుకైనది. మరీ చల్లగా ఉంటే తీగ వంగి అలాగే ఉండిపోతుంది, అంటే ఆకార స్మృతి పరిధిలోకి వస్తుంది. మరీ వేడిగా ఉంటే మార్టెన్‌సైట్‌ను పుట్టించడానికి కావలసిన ప్రతిబలం కంటె పొరలు జారడానికి కావలసిన ప్రతిబలమే తక్కువవుతుంది. అప్పుడు తీగ మామూలు లోహం వలె శాశ్వతంగా సాగిపోతుంది.

చల్లబడేకొద్దీ మెత్తబడుట

సాధారణంగా లోహాలను చల్లబరిస్తే వాటి స్థితిస్థాపక గుణకాలు స్వల్పంగా పెరుగుతాయి. ఆకార స్మృతి లోహాలలో ఆస్టెనైట్ దీనికి విరుద్ధంగా ప్రవర్తిస్తుంది. పరివర్తన ఉష్ణోగ్రతకు చేరువయ్యేకొద్దీ కొన్ని దిక్కులలో దాని దృఢతా గుణకం తగ్గిపోతుంది. అనగా ఏ పక్కకు ఒరగబోతున్నదో ఆ పక్కకు ఒరగడానికి స్ఫటికం ముందుగానే తన నిరోధాన్ని సడలించుకుంటుంది. బంగారం-కాడ్మియంలోను, రాగి ప్రధానమైన మిశ్రమాలలోను ఈ మెత్తదనం ముఖ్యంగా ఒకే విధమైన ఒరుగుదలకు పరిమితం. నిటినాల్‌లో రెండు విధాల ఒరుగుదలలకూ గుణకాలు తగ్గుతాయి. నిటినాల్ మార్టెన్‌సైట్ అంత వంకర అమరిక పొందడానికి దీనినొక కారణంగా భావిస్తారు. ధ్వని తరంగాల వేగాన్ని కొలిచి ఈ గుణకాలను నిర్ణయిస్తారు. పరివర్తన అకస్మాత్తుగా వచ్చి పడేది కాదని, స్ఫటికపు స్థితిస్థాపకతలో దాని సూచనలు ముందే కనిపిస్తాయని ఈ కొలతల వలన తెలిసింది.

తయారీ

టైటానియం వేడి మీద ఆక్సిజన్‌ను, కార్బన్‌ను ఆత్రంగా గ్రహిస్తుంది. అందువలన నిటినాల్‌ను శూన్యంలోనే కరిగిస్తారు. దీని ద్రవీభవన స్థానం సుమారు 1310 డిగ్రీల సెల్సియస్. టైటానియం కొంత ఆక్సైడుగా మారిపోయినా నికెల్ పాలు ఆ మేరకు పెరిగి పరివర్తన ఉష్ణోగ్రత గతి తప్పుతుంది. కోయడం, తరణి పట్టడం కూడా కష్టమే. పనిముట్లు త్వరగా అరిగిపోతాయి.

వైద్యంలో ఉపయోగాలు

నిటినాల్ నేడు ఎక్కువగా ఉపయోగపడుతున్నది వైద్యంలోనే. మానవ శరీరం ఎల్లప్పుడు 37 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉండే కొలిమి వంటిది. ఆస్టెనైట్‌గా మారడం దానికి కొద్దిగా దిగువన పూర్తయ్యేటట్లు లోహాన్ని తయారుచేస్తే శరీరంలో అది ఎప్పుడూ అతిస్థితిస్థాపక స్థితిలో ఉంటుంది.

పలువరుస సరిచేయడానికి వేసే తీగలలో దీనిని 1970వ దశకంలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జి ఆండ్రియాసెన్ ప్రవేశపెట్టాడు. ఉక్కు తీగను బిగించినపుడు పంటిపై బలం మొదట అధికంగా ఉండి, పన్ను కొద్దిగా జరగగానే తగ్గిపోతుంది; కనుక తరచుగా బిగించవలసి ఉంటుంది. అతిస్థితిస్థాపక తీగ పైన చెప్పిన పీఠభూమిపై పనిచేస్తుంది. పన్ను ఎంత జరిగినా బలం దాదాపు ఒకే విధంగా, మృదువుగా ఉంటుంది. పంటి వేరు శుద్ధి చేసే చికిత్సలో వంకర మార్గంలోకి పోగల నిటినాల్ ఆకురాళ్ళు కూడా ఇప్పుడు సర్వసాధారణం.

రక్తనాళాలలో అమర్చే స్టెంట్ల విషయంలో ఒక అపోహ ఉన్నది. అన్ని స్టెంట్లూ నిటినాల్‌తో చేసినవి కావు. గుండె ధమనులలో వేసేవి ఎక్కువగా కోబాల్టు-క్రోమియం మిశ్రమంతో చేసి, లోపల బెలూన్‌ను ఉబ్బించి విప్పేవి. నిటినాల్ స్టెంట్లు మెడ, తొడ ధమనులలో వాడతారు. సన్నని గొట్టంలో నొక్కిపెట్టి పంపిన స్టెంటు, గొట్టాన్ని వెనుకకు లాగగానే తనంతట తానే విచ్చుకుంటుంది. మెడ, తొడ చర్మానికి దగ్గరగా ఉండి, నడకలోను, నొక్కుడులోను వంగే చోట్లు. బెలూన్‌తో విప్పిన లోహం అక్కడ ఒకసారి నొక్కుకుంటే నొక్కుకున్నట్లే ఉంటుంది. నిటినాల్ మరల గుండ్రంగా తెరుచుకుంటుంది. కాలి సిరలలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరకుండా ఆపే జల్లెడలలోను, పుట్టుకతో గుండె గదుల నడుమ ఉండే రంధ్రాన్ని ఛాతీ కోయకుండా మూసివేసే జాలీలలోను ఇదే సూత్రం ఉన్నది. పసిపిల్లల విషయంలో ఈ చివరి ఉపయోగం విలువ ఎంతటిదో వేరుగా చెప్పనవసరం లేదు.

నికెల్ కొందరికి పడదు. అయితే నిటినాల్ ఉపరితలంపై ఏర్పడే టైటానియం ఆక్సైడు పొర నికెల్ బయటకు రాకుండా చాలావరకు అడ్డుకుంటుంది. ఆ పొర పలుచగా, ఏకరీతిగా ఉండేటట్లు విద్యుత్ రసాయన పద్ధతిలో మెరుగుపెడతారు. నికెల్ ఎలర్జీ ఉన్నవారు ఈ విషయాన్ని వైద్యునికి ముందే తెలపడం అవసరం.

ఇతర ఉపయోగాలు

నిటినాల్ మొదటి పెద్ద పారిశ్రామిక విజయం విమానాలలో. ఎఫ్-14 యుద్ధ విమానంలో అధిక పీడన ద్రవం ప్రవహించే గొట్టాలను అతకడానికి ఇనుము కొద్దిగా కలిపిన నికెల్-టైటానియం తొడుగులను వాడారు. గొట్టం కంటె కాస్త ఇరుకుగా చేసిన తొడుగును మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి వెడల్పు చేస్తారు. గొట్టాల చివరలపై తొడిగి వదిలేస్తే గది ఉష్ణోగ్రతకు వచ్చేసరికి అది పూర్వపు కొలతకు కుదించుకుని గొట్టాలను పట్టుకుంటుంది. ఇరుకు చోట్లలో మంటతో అతకవలసిన పని లేదు. మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం తేజస్ విమానం కోసం ఇటువంటి తొడుగులను రూపొందించింది.

1997లో అంగారక గ్రహంపై దిగిన సోజర్నర్ బండిలో, సౌర ఫలకంపై దుమ్ము పేరుకుంటే విద్యుత్తు ఎంత తగ్గుతుందో కొలిచే ఒక చిన్న ప్రయోగం ఉండేది. ఫలకంపై ఉన్న గాజు మూతను పక్కకు జరపడానికి మోటారుకు బదులు నిటినాల్ తీగను వాడారు. విద్యుత్తు ప్రవహిస్తే తీగ వేడెక్కి కుదించుకుంటుంది, మూత జరుగుతుంది.

అదే 1997లో సెప్టెంబరు 26న ఇటలీలో సంభవించిన భూకంపానికి అసీసీ పట్టణంలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి దెబ్బతిన్నది. పునరుద్ధరణలో పైకప్పును, ముక్కోణపు గోడను ఆకార స్మృతి లోహపు పరికరాలతో కలిపారు. భూమి కంపించినపుడు తీగ పీఠభూమిలోనే సాగుతుంది గనుక గోడపై పడే బలం ఒక హద్దు దాటదు, కదలిక శక్తి వేడిగా మారిపోతుంది, కంపనం ఆగిన తరువాత గోడ స్వస్థానానికి వస్తుంది. పాత కట్టడాలను కాపాడడంలో ఇది మంచి ఉదాహరణ.

విరగని కళ్ళజోడు ఫ్రేములలోను, 1990వ దశకపు సెల్‌ఫోన్ల యాంటెన్నాలలోను ఈ లోహం జనసామాన్యానికి చేరింది.

ఉచిత శక్తి అపోహ

1973లో అమెరికాలోని లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలలో రిడ్జ్‌వే బ్యాంక్స్ నిటినాల్ తీగల ఉచ్చులతో తిరిగే ఒక చక్రాన్ని నిర్మించాడు. తీగలు వేడినీటిలో సాపు అవుతూ, చన్నీటిలో వంగుతూ చక్రాన్ని తిప్పుతాయి. చమురు ధరలు మండుతున్న రోజులవడంతో దీనికి విశేష ప్రచారం లభించింది. ఇంధనం లేకుండా శక్తి వస్తుందని నేటికీ కొందరు ఇటువంటి చక్రాల వీడియోలను ప్రచారం చేస్తుంటారు. ఇది సరికాదు. తీగ కూడా ఒక ఉష్ణ యంత్రమే. వేడినీటి నుండి గ్రహించిన ఉష్ణంలో కొంత భాగాన్నే పనిగా మార్చి, మిగిలినది చన్నీటికి ఇచ్చివేస్తుంది. 80, 20 డిగ్రీల సెల్సియస్ నీళ్ళ మధ్య పనిచేసే ఏ యంత్రానికైనా కార్నో సిద్ధాంతం ప్రకారం దక్షత 17 శాతం దాటదు. శైథిల్యం వలన నిటినాల్ చక్రం అందులోనూ కొద్ది భాగాన్నే సాధిస్తుంది. పరిశ్రమలలో వృథాగా పోయే గోరువెచ్చని నీటి ఉష్ణాన్ని కొంతవరకు వాడుకోవడానికి ఇవి పనికిరావచ్చును.

అలసట

ఈ లోహాల ప్రధాన బలహీనత అలసట. 8 శాతం వికృతి నుండి కోలుకోవడం కొద్దిసార్ల మాట. లక్షలసార్లు పనిచేయవలసిన తీగను 1 లేక 2 శాతానికి మించి సాగనీయరాదు. ప్రతి పరివర్తనలోను రెండు ప్రావస్థల సరిహద్దు వద్ద కొద్దిపాటి లోపాలు మిగిలిపోతాయి. అవి పోగై ఉష్ణోగ్రతలు జరుగుతాయి, స్మృతి సన్నగిల్లుతుంది, చివరకు పగులు పుడుతుంది. లోహంలో చిక్కుకున్న ఆక్సైడు, కార్బైడు నలుసుల దగ్గర పగులు త్వరగా మొదలవుతుంది.

వైద్య పరికరాలకు ఇది ప్రాణాంతకమైన ప్రశ్న. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె ఏడాదికి సుమారు 3 కోట్ల 78 లక్షల సార్లు కొట్టుకుంటుంది. పదేళ్ళు పనిచేయవలసిన స్టెంటు దాదాపు 38 కోట్ల స్పందనలకు తట్టుకోవాలి. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో తొడ ధమనులలో అమర్చిన కొన్ని స్టెంట్లలో కడ్డీలు విరగడం ఎక్స్-రేలలో కనిపించింది. నాడి కంటె నడకే అక్కడ ఎక్కువ శ్రమ కలిగిస్తున్నదని తేలింది. ఆ తరువాత మెలిక, వంపు, కుదింపు కలిపి పరీక్షించడం, కడ్డీల అల్లికను మార్చడం, నలుసులు తక్కువగా ఉండే శుద్ధమైన లోహాన్ని వాడడం మొదలైనవి.

రెండు ప్రావస్థల స్ఫటిక కొలతలు సరిహద్దు వద్ద ఒకదానికొకటి చక్కగా సరిపోతే లోపాలు మిగలవని, శైథిల్యం కూడా తగ్గుతుందని గణితశాస్త్ర రీత్యా చూపారు. ఈ షరతులకు దగ్గరగా ఉండేటట్లు పాళ్ళను ఎంచుకుని 2013లో రిచర్డ్ జేమ్స్ బృందం తయారుచేసిన జింకు-బంగారం-రాగి మిశ్రమం 16,000 సార్లకు పైగా పరివర్తన చెందినా ఉష్ణోగ్రతలు దాదాపు జరగలేదు. 2015లో జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టైటానియం-నికెల్-రాగి పొరను కోటిసార్లు సాగదీసి వదిలినా అది తన గుణాన్ని కోల్పోలేదు. అయితే అది అతి పలుచని పొర. అదే మన్నికను మందమైన తీగలలోను, గొట్టాలలోను సాధించవలసి ఉన్నది.